పక్కింటి నుంచి వచ్చిన పీచ్ కాబ్లర్

చావింటికి ఎవరైనా తీపి పట్టుకెళ్తారా? మన వైపయితే ఇంత అన్నం, పప్పు, చారు వండి పంపిస్తాం. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించుకునే ఓపిక ఎవరికీ ఉండదు కదా! అంతేగానీ తీపి జోలికి పోము. ఏడాది తిరిగేదాకా ఆ ఇంట్లో మూకుడు కూడా పెట్టనివ్వరు పెద్దవాళ్ళు. అలాంటిది, మా కోడలికి అయిదో నెలలో కడుపు పోయిన మూడో రోజున పక్కింటావిడ ఓ గాజు పళ్ళెం నిండా తీపి వండి తెచ్చి నా చేతిలో పెట్టింది. నిజం చెప్పొద్దూ... ఆ క్షణాన నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇది 2022 జూన్ నాటి మాట. మా అబ్బాయి వాళ్ళు అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని మేకన్ అనే ఊళ్ళో ఉంటున్నారు. అట్లాంటా నుంచి దక్షిణంగా కారులో గంటన్నర ప్రయాణం. అక్టోబరులో కోడలికి పురుడు. వాళ్ళమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, అంత దూరం విమానంలో కూర్చోలేరు. అందుకని నేనే మే నెలలో బయల్దేరాను. పెట్టెలో కరివేపాకు పొడి, వాము, శొంఠి, సీమంతానికని వన్‌టౌన్‌లో కొన్న ఆకుపచ్చ గాజులు నాలుగు డజన్లు. ఒక్కటీ పగలకుండా చీరల మధ్య సర్దుకుని తీసుకెళ్ళాను.

ఆ గాజులు పెట్టెలోంచి బయటకి తీయనేలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ పిల్ల గదిలోనే ఉండిపోయింది. మంచినీళ్ళు తప్ప ఏమీ పుచ్చుకోదు. వేడన్నంలో నెయ్యి వేసి కలిపి తీసుకెళ్ళినా అలాగే వెనక్కి వచ్చేది. రెండో రోజున నేనో పొరపాటు చేశాను. మంచం పక్కన కూర్చుని, తల నిమురుతూ, "పోన్లే అమ్మా, చిన్న వయసు, మళ్ళీ నిలుస్తుందిలే" అన్నాను. ఓదార్పు అనుకునే అన్నాను. ఆ పిల్ల ఏమీ అనలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేసింది.

ఇదిగో, ఇలాంటి స్థితిలో తలుపు తట్టింది పక్కింటావిడ. డెబ్బై దాటిన నల్లజాతి మనిషి. భర్త పోయాక ఒంటరిగా ఉంటోంది. పలకరిస్తే 'హనీ' అనకుండా మాట పూర్తి చేయదు. గుమ్మంలోకి కూడా రాలేదు. పళ్ళెం నా చేతిలో పెట్టి, నా మోచెయ్యి ఓసారి గట్టిగా పట్టుకుని వెళ్ళిపోయింది. వేడి ఇంకా తగ్గలేదు. పైన బన్నులా పొంగి ఎర్రగా కాలిన పెచ్చు, దాని పగుళ్ళలోంచి బంగారు రంగులో పళ్ళ పాకం ఉడుకుతోంది. వెన్న, దాల్చినచెక్క వాసన ఇల్లంతా కమ్మేసింది.

"ఏమిట్రా ఇది, పిల్ల అలా ఉంటే తీపి తెస్తుందా!" అన్నాను మా అబ్బాయితో. "పీచ్ కాబ్లర్ అమ్మా, ఇక్కడ ఎవరింట్లో కష్టం వచ్చినా ఇలాగే తెస్తారు" అన్నాడు వాడు. కాబ్లరంటే చెప్పులు కుట్టేవాడని చిన్నప్పుడు ఇంగ్లీషు మాస్టారు చెప్పారు. ఆయనకీ ఈ పళ్ళకీ సంబంధం ఏమిటో నాకిప్పటికీ అంతుబట్టలేదనుకోండి! విసుగ్గా దాన్ని పొయ్యి గట్టు మీద పెట్టి, మూత కూడా వేయకుండా వెళ్ళి పడుకున్నాను.

అర్ధరాత్రి వంటింట్లో చప్పుడైతే లేచి చూశాను. దీపం కూడా వేసుకోకుండా మా కోడలు గట్టు దగ్గర నిలబడి చెంచాతో పళ్ళెంలోంచి నేరుగా తింటోంది. ఏడుస్తూ తింటోంది. పళ్ళెం అంచుకి అంటుకుని మాడిన పాకాన్ని చెంచాతో గీకుతున్న చప్పుడే నాకు వినబడింది. నేను కదల్లేదు. చీకట్లో వచ్చిన దారినే వెనక్కి వెళ్ళి పడుకున్నాను. మూడు రోజుల తర్వాత ఆ పిల్ల కడుపులోకి వెళ్ళిన మొదటి ముద్ద అది.

మర్నాడు పళ్ళెం కడిగాను. మన ఇళ్ళల్లో గిన్నె ఖాళీగా తిరిగివ్వం కదా! నిమ్మకాయ పులిహోర కలిపి అందులో పెట్టి పట్టుకెళ్ళాను. వచ్చీరాని ఇంగ్లీషులో "ఎగ్?" అని అడిగాను, నా బెంగ నాది. ఆవిడ నవ్వేసి "నో ఎగ్, హనీ, వెన్నా పాలూ అంతే" అంది. పాతకాలంలో పందికొవ్వు వేసి పైపెచ్చు చేసేవారట, ఈవిడ మాత్రం వెన్నే వాడుతుందట. హమ్మయ్య అనుకున్నాను. "నాకు నేర్పుతారా?" అని అడిగేశాను.

మాటల్లో తెలిసిందేమిటంటే, ఇది పుట్టుకతోనే సర్దుబాటు వంట. ఇంగ్లండు నుంచి వలస వచ్చినవాళ్ళకి ఇక్కడ తమ పుడ్డింగులకి కావలసిన సరుకులు, సాధనాలు దొరకలేదు. దొరికిన పళ్ళని ఇనప గిన్నెలో ఉడకేసి, పైన పిండి ముద్దలు పరిచి, నిప్పుల మీద కాల్చుకునేవారు. దక్షిణాది రాష్ట్రాల్లో దీన్ని చెయ్యి తిరిగిన వంట చేసింది మాత్రం చాలామటుకు నల్లజాతి స్త్రీలే. బానిసలుగా ఇంకొకరి వంటిళ్ళలో వండినవాళ్ళు. ఆబీ ఫిషర్ అనే ఆవిడ అలాగే బానిసగా పుట్టి, 1881లో శాన్‌ఫ్రాన్సిస్కోలో దక్షిణాది వంటల పుస్తకం వేసింది. ఆవిడకి చదవడం, రాయడం రాదు. నోటితో చెబుతుంటే వేరేవాళ్ళు రాసిపెట్టారు. మా అత్తగారు గుర్తొచ్చారు నాకు. సంతకం పెట్టడం రాదుగానీ, నూరు కాయల ఆవకాయకి ఉప్పూ కారం కంటి కొలతతోనే పోసేవారు. ఆవిడ చెబుతుంటే రాసుకున్నవాళ్ళం మాత్రం ఎవరమూ లేం.

పక్కింటావిడది కూడా కంటి కొలతే! నేనే పట్టుబట్టి కప్పులతో కొలిపించి రాసుకున్నాను.

జూలై మొదట్లో ఓ ఆదివారం పళ్ళకి వెళ్ళాం. మేకన్ నుంచి కాస్త దూరం వెళ్తే ఫోర్ట్ వ్యాలీ వస్తుంది. ఆ జిల్లా పేరే పీచ్ కౌంటీ, 1924లో ఏర్పడింది. కనుచూపు మేర పీచ్ తోటలు. ఏటా జూన్‌లో అక్కడ పీచ్ పండుగ కూడా చేస్తారు. అందులో ఊరందరికీ సరిపోయే పెద్ద కాబ్లర్ వండి పంచుతారట. మనకి నూజివీడు మామిడి ఎలాగో వాళ్ళకి ఇది అలాగ. దగ్గర్లోనే మార్షల్‌విల్ అని ఇంకో ఊరుంది. అక్కడి శామ్యూల్ రంఫ్ అనే రైతు 1870ల్లో ఓ కొత్త పీచ్ రకాన్ని పెంచి, దానికి తన భార్య పేరు 'ఎల్బర్టా' అని పెట్టుకున్నాడు. జార్జియా పీచ్‌కి దేశమంతా పేరు తెచ్చింది ఆ రకమే. మావారు నలభై ఏళ్ళలో నా పేరు కనీసం ఓ పూలమొక్కకయినా పెట్టలేదు. అది వేరే సంగతి!

జూన్ మొదట్లో వచ్చే పళ్ళకి గుజ్జు టెంకని పట్టుకుని ఉంటుంది, కోయడం కష్టం. ఆ తర్వాత వచ్చే వాటికి చుట్టూ కత్తితో గీసి మెలిపెడితే రెండు చెక్కలుగా విడిపోయి టెంక చేతిలోకి వచ్చేస్తుంది. కాబ్లర్‌కి ఇవే మంచివి. పండుని మరిగే నీళ్ళలో అర నిమిషం ఉంచి, తీసి చన్నీళ్ళలో వేస్తే తొక్క వేళ్ళతోనే ఊడొస్తుంది.

ఆ తొక్కలు తీస్తుంటేనే మా కోడలు వచ్చి నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. తనూ ఓ పండు తీసుకుంది. ఇద్దరం మాట్లాడకుండా నాలుగు పళ్ళు ఒలిచాం. అప్పుడు చెప్పాను, మా అబ్బాయి తర్వాత 1986లో నాకూ ఒకటి పోయిందని. ఆరో నెల. ఆడపిల్ల. ఆ విషయం మా అబ్బాయికి కూడా తెలియదు. "అప్పుడు మీకు అందరూ ఏమన్నారు అత్తయ్యా?" అని అడిగింది. "మళ్ళీ నిలుస్తుందిలే అన్నారు" అన్నాను. అన్నాకగానీ నాకు తట్టలేదు, నేనేమన్నానో. ఆ మాట విని ఆ రోజు మా పెరట్లో బావి గట్టు మీద కూర్చుని ఎంత ఏడ్చానో కూడా అప్పుడే గుర్తొచ్చింది. "తప్పు మాట అన్నానే, మనసులో పెట్టుకోకు" అన్నాను. పీచ్ రసం కారుతున్న చేత్తోనే నా చెయ్యి పట్టుకుంది.

సరే, చేసే పద్ధతి చెబుతాను. అయిదారు పళ్ళు ముక్కలు చేస్తే నాలుగు కప్పులవుతాయి. వాటిలో అర కప్పు పంచదార, చెంచా నిమ్మరసం, చిటికెడు దాల్చినచెక్క పొడి వేసి, పంచదార కరిగి రసం ఊరేదాకా చిన్న మంట మీద ఉంచి దింపాలి. ఓవెన్‌ని 350 డిగ్రీల ఫారెన్‌హీట్ మీద, అంటే మన లెక్కలో 175 సెంటీగ్రేడ్ మీద వేడి చేసుకోవాలి. గాజు పళ్ళెంలో ఓ వంద గ్రాముల పైచిలుకు వెన్న వేసి అందులోనే పెడితే కరిగిపోతుంది. ఈలోగా కప్పు మైదా, ముప్పావు కప్పు పంచదార, రెండు చెంచాల బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు కలిపి, కప్పు పాలు పోసి ఉండలు లేకుండా జారుగా చేసుకోవాలి. ఈ పిండిని కరిగిన వెన్న మీద పోయాలి. కలపకూడదు! దాని మీద పళ్ళు, రసంతో సహా గరిటెతో వేయాలి. అప్పుడూ కలపకూడదు! నేను మొదటిసారి ఊరుకోలేక గరిటె పెట్టి తిప్పేశాను. పక్కింటావిడ "నో, హనీ!" అని అరిచినంత పని చేసింది. కదపకుండా ఉంచితే కింద పోసిన పిండి కాలుతూ పళ్ళని దాటుకుని పైకి పొంగి వస్తుంది. పళ్ళు కిందికి వెళ్ళిపోతాయి. అంచుల్లో వెన్న పెచ్చుకట్టి కరకరలాడుతుంది. ముప్పావు గంటకి పైన ఎర్రబడుతుంది. పుల్ల గుచ్చి పిండి అంటకపోతే దింపేయడమే. పావుగంట ఆగితే పాకం చిక్కబడుతుంది.

అక్కడ బేకింగ్ పౌడరూ, ఉప్పూ ముందే కలిపిన మైదా కూడా అమ్ముతారు, జాగ్రత్త. వెళ్ళిన కొత్తలో నేను సంచీ మీద రాసింది చదవకుండా దాంతో బొబ్బట్లు చేశాను. పెనం మీద ఒక్కొక్కటీ దిండులా ఉబ్బి కూర్చుంది! ఆ పిండితో కాబ్లర్ చేస్తే వేరే పౌడర్ వేయక్కర్లేదు.

నవంబరులో తిరిగి వచ్చాను. మరుసటి వేసవిలో విజయవాడలో బంగినపల్లి మామిడితో చేసి చూశాను. నాకు ఓవెన్ లేదు. కుక్కర్‌లో రెండంగుళాల మందాన ఇసుక పోసి, గాస్కెట్టూ వెయిటూ తీసేసి, పది నిమిషాలు వేడెక్కాక గిన్నె పెట్టి సన్న మంట మీద గంటసేపు ఉంచాను. మామిడి ముక్కల్ని ముందుగా ఉడికించనక్కర్లేదు, పంచదార కూడా పావు కప్పు చాలు. కాస్త గట్టిగా ఉన్న పండే తీసుకోండి. అంతకు ముందు రసాలతో చేస్తే అంతా నీళ్ళయిపోయి, చెంచాతో తాగాల్సొచ్చింది. కుక్కర్‌లో పైపెచ్చు ఎర్రబడదు, తెల్లగానే ఉంటుంది. చూడ్డానికి అందంగా లేదన్నారు మావారు. రెండోసారి అడిగి మరీ వేయించుకున్నారు!

అదే 2023లో జార్జియాలో పీచ్ పళ్ళు లేవు. ఆ చెట్టుకి శీతాకాలంలో కొన్ని వందల గంటలు గట్టి చలి తగిలితేగానీ పూత సరిగా రాదట. ఆ ఏడు చలికాలం వెచ్చగా గడిచింది. వచ్చిన కాస్త పూత మార్చిలో గడ్డకట్టే చలికి మాడిపోయింది. పంటలో 90 శాతం పైగా పోయింది. పక్కింటావిడ డబ్బాలో వచ్చే పళ్ళతో చేసిందటగానీ, తనే రెండు చెంచాలు తిని పక్కన పెట్టేసిందట.

2024 జూలైలో ఓ రోజు పొద్దున్నే వీడియో కాల్. కోడలు. వెనకాల ఓవెన్ దీపం వెలుగుతోంది. పక్కింటావిడకి తుంటి ఆపరేషన్ అయి ఆ రోజే ఇంటికి వచ్చిందట, ఆవిడ కోసం ఈ పిల్ల మొదటిసారి ఒంటరిగా చేసింది. "అత్తయ్యా, ఓ మూల మాడింది, ఇవ్వచ్చా?" అని పళ్ళెం ఫోన్ దగ్గరికి తెచ్చి చూపించింది. "మాడిన మూల నువ్వు తిని, మిగతాది పట్టుకెళ్ళు" అన్నాను. "అప్పుడే తినేశాను" అంది.