ఆసుపత్రికి ఏ చెప్పులు తీసుకెళ్ళాలి?

మా అమ్మకు 78 ఏళ్ళప్పుడు జ్వరంతో ఆసుపత్రిలో చేర్చాం. అయిదో రోజుకు జ్వరం తగ్గింది. ఆ తెల్లవారుజామున, నన్ను లేపడం ఎందుకని, మంచం కింద ఉన్న నా రబ్బరు చెప్పులు తొడుక్కుని స్నానాలగదికి బయలుదేరింది. అప్పుడే తడిగుడ్డ పెట్టిన నేల. నాలుగడుగులు వేసిందో లేదో, జారిపడింది. తుంటి ఎముక విరిగింది. పాతికేళ్ళుగా ఘర్షణ పాఠం చెబుతున్న నేను ఆ చెప్పుల అడుగుభాగం ఒక్కసారీ తిరగేసి చూడలేదు!

పిల్లలూ, ఒక ప్రయోగం చేద్దాం. నున్నటి పలకమీద ఒక రబ్బరు చెప్పునూ, ఇసుక నింపిన ఒక నూలు మేజోడునూ పక్కపక్కనే పెట్టండి. పలక ఒక కొసను మెల్లగా పైకెత్తండి. మేజోడే ముందు జారుతుంది. ఇప్పుడు పలకమీద సబ్బునీళ్ళు పోసి చూడండి. ఇందాక కదలని చెప్పు కూడా కొద్దిపాటి వాలుకే జారిపోతుంది.

నడకలో మడమ నేలను తాకగానే పాదం ముందుకు జారబోతుంది. దాన్ని ఆపేది ఘర్షణ బలమే. చెప్పుకూ నేలకూ మధ్య నీరు పొరలా నిలిస్తే ఘర్షణ తగ్గుతుంది. చెప్పు కింది గాడులు ఆ నీటిని పక్కకు పంపే కాలువలు. బస్సు టైరుకు గాడులు ఉండేదీ అందుకే. నా చెప్పుల గాడులు ఏనాడో అరిగిపోయాయి.

మరి మీ కాలూ జారుతుంది కదా, ప్రతిసారీ పడరేం? కళ్ళు, లోపలి చెవి, అరికాలి నరాలు వెంటనే మెదడుకు కబురు పంపుతాయి. కండరాలు చటుక్కున ఇంకో అడుగు వేయించి, గరిమనాభిని మళ్ళీ పాదాల పైకి తెస్తాయి. ముసలితనంలో ఈ కబుర్లు మందగిస్తాయి. కొన్నాళ్ళు మంచాన పడితే కండరాలు ఇంకా నీరసిస్తాయి. గబుక్కున లేస్తే రక్తపోటు తగ్గి కళ్ళు తిరుగుతాయి. ఎముకలు పెళుసుబారి ఉంటాయి కనుక చిన్న దెబ్బకే విరుగుతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం, పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా 6,84,000 మంది మరణిస్తున్నారు. వారిలో ఎక్కువమంది 60 ఏళ్ళు దాటినవారే.

వదులు చెప్పును వేళ్ళతో పట్టుకుని ఈడ్చవలసి వస్తుంది. దళసరి మెత్తని చెప్పు పరుపుమీద నడకలాంటిది. పాదం ఊగుతుంది, నేల స్పర్శ తెలియదు. పెద్దవాళ్ళకు కావలసింది పాదానికి సరిపోయి, మడమ వెనుక పట్టీ ఉండి, ఎత్తు తక్కువై, అడుగుభాగం పలుచగా, గట్టిగా, గాడులతో ఉండే చెప్పు.

అయితే చెప్పు ఒక్కటే చాలదు. పొడినేల, రాత్రిపూట దీపం, లేచేముందు మంచం అంచున కాసేపు కూర్చోవడం, తోడుగా ఒక మనిషి కూడా అవసరం.

ఆపరేషన్ తరువాత అమ్మ మళ్ళీ నడవడానికి నెలలు పట్టింది. ఈ సాయంత్రమే మీ తాతయ్య, నాయనమ్మల చెప్పులు తిరగేసి చూడండి. గాడులు అరిగితే నాన్నగారికి చెప్పండి.