చాలు అనుకోవడం ఎలా వస్తుంది?

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో ఆడవాళ్ళం ఓ పావుగంటైనా నిలబడి మాట్లాడుకుంటాం కదా. లోపల విన్న ప్రసంగం ఇంకా చెవుల్లో ఉండగానే చూపులు ఒకరి మెడ మీదికీ ఇంకొకరి గాజుల మీదికీ పోతాయి. "వందనాలు అక్కయ్యగారూ, ఈ గొలుసెప్పుడు చేయించారు?" అని మొదలై, ఎవరి మరిదిగారో కొన్న స్థలం దగ్గర తేలుతుంది. ఎవరినో అనడం లేదు. ముందు వరసలో నేనే ఉండేదాన్ని.

మాది గుంటూరు. మావారు గుమాస్తా. రెండు గదులూ వంటిల్లూ ఉన్న సొంత డాబా. తిండికి లోటు లేదు. అయినా మా తోటికోడలు తన డాబా మీద మేడ వేసిన దగ్గర్నుంచి నాకు నిద్ర పట్టేది కాదు. 2021 జనవరిలో మా వీధిలో ఒకావిడ నడిపే రెండు లక్షల చీటీలో చేరాను. నెలకు 5 వేలు, 40 నెలలు. పాట పోగా ఐదు వేలకు కాస్త తక్కువే కట్టేవాళ్ళం. మావారికి చెప్పలేదు. ఇంటి ఖర్చులోంచే మిగల్చగలననుకున్నాను.

నాలుగు నెలలు మిగిలింది. తర్వాత పాలు తగ్గించాను. పిల్లలకు గుడ్డు మానేశాను. ఆ పైన అమ్మ పెట్టిన నాలుగు కాసుల గొలుసు తాకట్టు పెట్టాను. అది చాలక చేబదులు తెచ్చాను. ఎవరి దగ్గరనుకున్నారు? ఆ తోటికోడలి దగ్గరే! మధ్యలో పాడుకుని చీటీ ఎత్తేసుకోవచ్చు, కానీ చివరిదాకా ఆగితే మొత్తం చేతికొస్తుందని ఆశ. అలా 22 నెలలు కట్టాను. ఓ సోమవారం పొద్దున చూస్తే ఆవిడ ఇంటికి తాళం ఉంది. దగ్గర దగ్గర లక్ష రూపాయలు పోయినట్టే.

మావారికి చెప్పడానికి మూడు రోజులు పట్టింది. తిడతారనుకున్నాను. "పిల్లలకు గుడ్డెందుకు మానేశావో ఇప్పుడర్థమైంది" అన్నారు, అంతే. తిట్టినా అంత తగిలేది కాదు. వడ్డీ పెరిగి గొలుసు అమ్మక తప్పలేదు. చేబదులు తీర్చడానికి ఆయన ఏడాదిపాటు సాయంత్రాలు ఓ కొట్లో లెక్కలు రాసి వచ్చేవారు.

ఆ రోజుల్లోనే మా స్త్రీల సమాజంలో ఫిలిప్పీయులకు రాసిన పత్రిక చదువుతున్నాం. పౌలు అది బంధకాల్లో ఉండి రాశాడు. ఎపఫ్రొదితు చేత ఫిలిప్పీవాళ్ళు పంపిన సాయం అందిందని చెబుతూ, ఉన్న స్థితిలో తృప్తిగా ఉండడం తనకు తెలుసంటాడు. అయితే అది తనకు పుట్టుకతో వచ్చినట్టు చెప్పడు, నేర్చుకున్నదిగా చెబుతాడు. నేను పట్టుకున్నది అక్కడే. అంతటివాడే నేర్చుకోవలసి వస్తే నాకింకా రాలేదని కుమిలిపోవడం దేనికి? పైగా ఆకలి రోజే కాదు, కడుపు నిండిన రోజు కూడా ఎలా ఉండాలో నేర్చుకున్నాడట. నాకు రానిది ఆ రెండోదే. ఇంట్లో అన్నీ ఉండగానే కదా ఎగబడ్డాను!

డబ్బే చెడ్డదనుకుందామా అంటే, ఆ ఫిలిప్పీలోనే లూదియ ఉంది. ఊదారంగు సరుకు అమ్మే వ్యాపారస్తురాలు. అది ఆ కాలంలో ఖరీదైన సరుకు. పౌలుకూ అతని తోటివాళ్ళకూ తన ఇంట్లోనే బస ఇచ్చింది. నిర్గమకాండం పదహారో అధ్యాయంలో మన్నా సంగతీ అంతే. ఓమెరుతో కొలిస్తే ఎక్కువ ఏరినవాళ్ళకు మిగల్లేదు, తక్కువ ఏరినవాళ్ళకు తగ్గలేదు. వద్దన్నా తెల్లవారేదాకా దాచుకుంటే పురుగులు పట్టి కంపు కొట్టింది. కానీ ఆరో రోజు రెండింతలు ఏరి విశ్రాంతి దినానికి ఉంచుకున్నది పాడవలేదు. అందుకని దాచుకోవడం తప్పని నేననను. నేను దాచింది పిల్లల కంచంలోంచి తీసింది, మావారికి తెలియకుండా తీసింది. పురుగు అక్కడ పట్టింది.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. తృప్తి పేరు చెప్పి మన నోరు మూయించేవాళ్ళూ ఉన్నారు. జీతమంతా తాగి వచ్చే మొగుడితో సర్దుకుపొమ్మనడం తృప్తి నేర్పడం కాదు. కూలి ఎగ్గొట్టిన ధనవంతుల్ని యాకోబు తన పత్రిక ఐదో అధ్యాయంలో ఎంత గట్టిగా నిలదీశాడో చదవండి. రావలసింది అడగడం, పిల్లల చదువుకని కుట్టుమిషను తొక్కి సంపాదించుకోవడం దురాశ ఎలా అవుతుంది?

ఇప్పుడు మా ఇంట్లో లెక్కల పుస్తకం ఒకటే. అది వంటింటి అలమరలో ఉంటుంది, ఎవరైనా తీసి చూడొచ్చు. పోస్టాఫీసులో నెలకింత అని ఇద్దరి పేరా కడుతున్నాం. ఇంకొకటి, మా అమ్మ చేసే పని మళ్ళీ మొదలుపెట్టాను. అన్నానికి బియ్యం కొలిచాక అందులోంచి గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తాను. నెలాఖరుకు అది చర్చికి పోతుంది. మిజోరంలో క్రైస్తవ స్త్రీలు ఈ పని 1910 నుంచీ చేస్తున్నారు, ఆ గుప్పెళ్ళతోనే వాళ్ళ సంఘాల పనులు ఎన్నో నడిచాయి. చిత్రమేమిటంటే, గుప్పెడు తీశాక కూడా మా నలుగురికీ అన్నం సరిపోతుంది. ముందు రోజూ ఆ గుప్పెడు ఎటు పోయేదో!

అలాగని నేనేమీ మారిపోయి కూర్చోలేదు. బంగారం ధర చెప్పినప్పుడల్లా ఆ నాలుగు కాసులూ గుర్తొచ్చి గుండె కలుక్కుమంటుంది. పోయిన నెల పక్కవీధి వదినగారు వచ్చి కొత్త చీటీ గురించి చెప్పారు. నిజం చెప్పొద్దూ, మనసు లాగింది. "సాయంత్రం ఆయనొచ్చాక పుస్తకం చూసుకుని చెబుతాం వదినగారూ" అన్నాను. "దీనికీ ఆయన్నడగాలా?" అని నవ్వారావిడ. నేనూ నవ్వి, కాఫీ కలపడానికి లేచాను. పొయ్యి మీద పిల్లల గుడ్లు ఉడుకుతున్నాయి.