వాట్సాప్ హస్తవాసి

పూర్వం వైద్యుడి హస్తవాసి ఎలాంటిదో ఇరుగుపొరుగును వాకబు చేసేవారు. ఇప్పుడు చేతిలో ఫోనుంది. వాకబుతో పనేముంది లెండి! 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నం సంగతే చూడండి. కరోనాతో ఆయాసపడుతున్న విశ్రాంత ప్రధానోపాధ్యాయుడొకరు, కంట్లో చుక్కలు వేయగానే తేరుకున్నానని చెప్పిన వీడియో నాకే మూడు వాట్సాప్ గ్రూపుల నుంచి వచ్చింది. ఆ నాటుమందు కోసం జనం వేలకు వేలు బయలుదేరారు, అంబులెన్సుల్లో సైతం!

ఆయన అబద్ధమాడారని నేననను. ఆ క్షణాన ప్రాణం తెరిపినపడి ఉండవచ్చు. ఆ తరువాతో? మళ్లీ ఆయాసం వచ్చి ఆసుపత్రిలో చేరారు. నెలాఖరుకు కన్నుమూశారు. మే 31న ప్రభుత్వం కొన్ని మందులకు అనుమతిచ్చి, కంటి చుక్కలను ఆపింది.

ఈ కబురు నాకు ఏ గ్రూపూ పంపలేదు, పత్రికలో చదివాను.