తెర మీది మాట చెవికి చేరేదెలా?

శనివారం రాత్రి. డాలస్‌లోనో, ఎడిసన్‌లోనో ఒక తెలుగు ఇల్లు. ఆరు నెలలు ఉండిపోదామని గుంటూరు నుండి వచ్చిన నాయనమ్మ సోఫాలో కూర్చున్నది. గోడ మీద 65 అంగుళాల టెలివిజను. తెలుగు సినిమా మొదలయింది. పావుగంట గడవకముందే ఆమె పక్కనున్న మనవడిని “వాడేమన్నాడురా?” అని అడిగింది. మనవడు తెర కింద అక్షరాలు చదివి ఇంగ్లీషులో చెప్పాడు. మరో పావుగంటలో ఆమె ఇంకో నాలుగుసార్లు అడిగింది. తరువాత అడగడం మానివేసింది. విశ్రాంతి సమయానికి లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది.

ఆ ఇంట్లో తెలుగు అందరికన్నా బాగా వచ్చిన మనిషికే తెలుగు సినిమా అర్థం కాలేదు. ముసలితనపు చెవుడని ఇంటిల్లిపాదీ నిర్ణయించుకున్నారు. అందులో నిజం కొంతే. మిగిలిన కారణం ఆ టెలివిజను వెనుకనే ఉన్నది.

పలుచని పెట్టె, పలుచని పలుకు

వెనుకటి టెలివిజను పెట్టె లోతైనది. అందులో స్పీకరుకు చోటుండేది. చాలా వాటిలో అది చూసేవారి వైపే తిరిగి ఉండేది. నేటి టెలివిజను పలకవలె పలుచన. దాని చిన్న స్పీకర్లు సాధారణంగా కిందికో వెనుకకో చూస్తుంటాయి. పలికిన మాట ముందు గోడకో బల్లకో తగిలి, తరువాత చెవికి చేరుతుంది.

దీనికి భాషాధర్మం కూడా తోడవుతుంది. మానవ కంఠం పలికే అచ్చులలో బలం ఎక్కువ. ఆ బలంలో అధిక భాగం సెకనుకు 1,000 కంపనాలకు లోపలనే ఉంటుంది. పరుషాలు, ఊష్మాలు బలహీనమైన ధ్వనులు. వాటిని ఒకదాని నుండి మరొకటి వేరుచేసే గుర్తులు చాలవరకు 2,000 కంపనాలకు పైన ఉంటాయి. వయసుతోపాటు వినికిడి మొదట తగ్గేది ఆ పై అంచుననే. తెలుగు అజంత భాష గనుక అచ్చులకు కొదవలేదు. వృద్ధుల చెవికి అచ్చు అందుతుంది, హల్లు జారిపోతుంది. ‘కాలు’, ‘పాలు’, ‘చాలు’ మూడూ ఒకే మాటగా వినిపిస్తాయి. శబ్దం పెంచితే అచ్చులూ, నేపథ్య సంగీతమూ కూడా పెరుగుతాయి. హల్లు మాత్రం వాటి కింద అణిగే ఉంటుంది.

అయిదు స్పీకర్లు, ఒక గర్జన

మనిషికి రెండు చెవులున్నందుకు ప్రయోజనం దిక్కు తెలియడం. పక్క నుండి వచ్చే శబ్దం ఒక చెవికి ముందు, రెండవ చెవికి తరువాత చేరుతుంది. ఆ తేడా సెకనులో వెయ్యోవంతు కూడా ఉండదు. అయినా మెదడు దానిని పసిగడుతుంది. ఈ సూత్రం ఆధారంగానే బ్రిటిష్ ఇంజనీరు ఆలన్ బ్లమ్‌లైన్ 1931లో స్టీరియో ధ్వనికి పేటెంటు కోరాడు. 1940లో డిస్నీ సంస్థ ‘ఫాంటేసియా’ చిత్రాన్ని కొన్ని థియేటర్లలో బహుమార్గ ధ్వనితో ప్రదర్శించింది. తెలుగులో 1986 నాటి ‘సింహాసనం’ 70 ఎమ్.ఎమ్. తెరతోపాటు ఆరు ట్రాకుల ధ్వనిని కూడా తెచ్చింది. 1992లో ‘బ్యాట్‌మన్ రిటర్న్స్’తో డాల్బీ డిజిటల్ ధ్వని థియేటర్లలో అడుగుపెట్టింది.

ఇళ్ళలోకి వచ్చిన ‘5.1’ పద్ధతి దాని సంతతియే. ముందు ఎడమ, మధ్య, కుడి. పక్కలకు కాస్త వెనుకగా మరి రెండు. ఇవి అయిదు. మిగిలిన ‘.1’ ఉరుములకూ, పేలుళ్ళకూ పనికివచ్చే మంద్రధ్వని మార్గం. దానిని పలికించేది సబ్‌వూఫరు. వీటిలో నాయనమ్మకు కావలసింది మధ్య స్పీకరు. సినిమాలోని సంభాషణలలో అత్యధిక భాగం దానికే కేటాయించబడుతుంది. రెండే స్పీకర్లున్న టెలివిజనులో ఆ సంభాషణను సంగీతంతోపాటు ఎడమ కుడులలో కలిపివేయక తప్పదు. మధ్య స్పీకరు వేరుగా ఉంటే మాటను మాత్రమే పైకి తీయవచ్చు.

ఏ తీగ కలపాలి?

టెలివిజను నుండి ధ్వనిని తీసుకుని, విడదీసి, బలపరచి స్పీకర్లకు పంపే పెట్టెను రిసీవరు అంటారు. టెలివిజనును దానికి కలపడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి.

మొదటిది హెచ్.డి.ఎమ్.ఐ. తీగ. సాధారణంగా ఇందులో బొమ్మా ధ్వనీ టెలివిజను లోనికి పోతాయి. 2009లో వచ్చిన సవరణతో అదే తీగలో ధ్వని వెనుకకు, రిసీవరు వైపు ప్రవహించే ఏర్పాటు కలిగింది. దీని పేరు ఏ.ఆర్.సి., అనగా ఆడియో రిటర్న్ ఛానెల్. టెలివిజనుకు మూడు నాలుగు పోర్టులున్నా ఈ సౌకర్యం తరచు ఒక్కదానికే ఉంటుంది; ఆ అక్షరాలు చూసి మరీ తీగ పెట్టాలి. రిసీవరులో కూడా అదే గుర్తున్న చోట కలపాలి. ఆపైన రెండింటి సెట్టింగులలోనూ సి.ఇ.సి. అనే నియంత్రణను తెరవాలి. దీనిని శాంసంగ్ ఎనీనెట్ ప్లస్ అనీ, ఎల్.జి. సింప్లింక్ అనీ, సోనీ బ్రావియా సింక్ అనీ పిలుస్తాయి. తీగ సరిగా ఉండి కూడా శబ్దం రాని ఇళ్ళలో ముందుగా చూడవలసింది ఇదే.

రెండవది ఆప్టికల్ తీగ. 1983లో తోషిబా ప్రవేశపెట్టిన ఈ పద్ధతిలో ధ్వని ఎర్రని కాంతిగా మారి ప్రయాణిస్తుంది. కొద్ది డబ్బుతో పని జరగాలనుకునేవారికి ఇది వరం. హెచ్.డి.ఎమ్.ఐ. లేని పాత రిసీవరు గరాజ్ సేల్‌లో దొరికినా, డాల్బీ డిజిటల్ చదవగలిగినదైతే 5.1 ధ్వని ఈ తీగతో వస్తుంది. తీగ కొనల మీది ప్లాస్టిక్ టోపీలు తీయడం మరచిపోరాదు, తీగను మడతపెట్టరాదు.

మూడవది ఎరుపు, తెలుపు కొనలున్న జంట తీగ. ఇది రెండు మార్గాలను మాత్రమే మోస్తుంది. అయినప్పటికీ రిసీవరులో ప్రో లాజిక్ ఉంటే, రెండింటిలో సమానంగా ఉన్న ధ్వనిని మధ్య స్పీకరుకు మళ్ళించగలదు.

ఇంకొక చిక్కు ఉన్నది. టెలివిజను ధ్వని సెట్టింగు ‘పి.సి.ఎమ్.’ వద్ద ఉంటే చాలా టెలివిజన్లు రెండు మార్గాల ధ్వనినే బయటికి పంపుతాయి. దానిని ‘బిట్‌స్ట్రీమ్’ లేదా ‘ఆటో’కు మార్చాలి. టెలివిజను సొంత స్పీకర్లను ఆపివేయాలి. 1957 నాటి ‘మాయాబజార్’ పాత ప్రతి వంటివి ఒకే ధ్వనిమార్గంలో తయారైనవి. వాటిని ప్రో లాజిక్‌లో పెట్టినపుడు శబ్దమంతా మధ్య స్పీకరు నుండే వస్తుంది. అది లోపం కాదు.

అమరిక

స్పీకరు తీగలు కలిపేటపుడు రిసీవరు ప్లగ్గు తీసివేయాలి. ఎర్ర కొన ఎరుపుకూ, నల్ల కొన నలుపుకూ చేరాలి. ఒక స్పీకరుకు తారుమారైతే మంద్రధ్వనులు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. రెండు కొనల రాగిపోగులు ఒకదానికొకటి తగిలితే రిసీవరు పాడయ్యే ప్రమాదం ఉన్నది.

మధ్య స్పీకరు తెరకు కిందనో పైననో ఉండి, కూర్చున్నవారి చెవుల వైపు తిరగాలి. ఎడమ కుడి స్పీకర్లు వినేవారి ముక్కుసూటి నుండి చెరి 30 డిగ్రీలలో, పక్క స్పీకర్లు 110 డిగ్రీల ప్రాంతంలో ఉండాలి. సబ్‌వూఫరు ఎక్కడున్నా దిక్కు అంతగా తెలియదు. కానీ గది మూలన పెడితే మోత పెరుగుతుంది.

ధ్వని ఒక అడుగు నడవడానికి సెకనులో సుమారు వెయ్యోవంతు పడుతుంది. కనుక ప్రతి స్పీకరు దూరాన్నీ టేపుతో కొలిచి రిసీవరుకు చెప్పాలి. చివరగా మధ్య స్పీకరు స్థాయిని 2, 3 డెసిబెల్‌లు పెంచాలి. రాత్రివేళ పిల్లలు నిద్రపోతుంటే ‘నైట్ మోడ్’ పెడితే పేలుళ్ళు తగ్గుతాయి, మాట నిలుస్తుంది. పెదవుల కదలికకూ మాటకూ పొత్తు కుదరకపోతే ‘ఆడియో డిలే’ అనే సెట్టింగుతో సరిచేయవచ్చు.

కొనేముందు

పెట్టె మీది వాట్లను చూసి మోసపోరాదు. 50 వాట్లు 100 అయితే పెరిగేది 3 డెసిబెల్‌లే. శబ్దం రెట్టింపయినట్లు చెవికి తోచాలంటే సుమారు 10 డెసిబెల్‌లు కావాలి. డబ్బు పరిమితమైతే దానిని మధ్య స్పీకరు మీద పెట్టడం మేలు. అయిదింటికీ స్థోమత లేకపోతే మధ్య స్పీకరు ప్రత్యేకంగా ఉన్న సౌండ్ బార్ అయినా ఉపకరిస్తుంది.

స్వదేశంలోని తల్లిదండ్రులకు ఇటువంటి సెట్టును కానుకగా పట్టుకెళ్ళేవారు వెనుక అంటించిన చీటీ చదవాలి. అమెరికా విద్యుత్తు 120 వోల్టులు, భారతదేశంలో 230. చీటీ మీద ‘100–240’ అని లేని యంత్రాన్ని అక్కడ నేరుగా ప్లగ్గులో పెడితే కాలిపోవచ్చు.

ఈ అమరిక వైద్యం కాదు. ఎదురుగా కూర్చుని మాట్లాడినా వినిపించనివారిని వినికిడి పరీక్షకు తీసుకువెళ్ళాలి. కానీ ఎదుటి మనిషి మాట వినబడి, తెర మీది మాట మాత్రమే వినబడనివారి విషయంలో నేరం మోపవలసింది ముందు యంత్రం మీదనే.

ఒక సాయంత్రపు శ్రమతో, మూడు నాలుగు తీగలతో ఇంత జరుగుతుంది. తరువాతి శనివారం తెర కింద ఇంగ్లీషు అక్షరాలు తీసివేయవచ్చు. అప్పుడు “వాడేమన్నాడు నాయనమ్మా?” అని అడగడం మనవడి వంతు. ఆమె సినిమా ఆపించి, ఆ తెలుగు మాటకు అర్థం విడమరచి చెబుతుంది.