మోదుగ పూలు ఫోన్‌లో ప్లాస్టిక్‌లా ఎందుకు వస్తాయి? రాచకొండ లోయలో మూడు ఫోన్లతో చూశాం

మోదుగ చెట్టు ఫొటో తీయడం చూడ్డానికి చాలా ఈజీ. ఆకు ఒక్కటి ఉండదు, కొమ్మ నిండా పువ్వే, వెనక నీలం ఆకాశం. ఫోన్ ఎత్తి నొక్కితే చాలు అనిపిస్తుంది. ఇంటికొచ్చాక గ్యాలరీ తెరిచి జూమ్ చేయండి. రేకుల మీద ఈనెలు కనిపించవు. ఒక రేకు ఎక్కడ ఆగిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో తెలీదు. స్కెచ్ పెన్‌తో దిద్దినట్టు ఒకటే నారింజ ముద్ద.

ఫిబ్రవరి చివర్లో రెండు ఆదివారాలు ఇద్దరు ఫ్రెండ్స్‌తో రాచకొండ వెళ్లి, మూడు ఫోన్లతో ఒకే చెట్లను తీశాం. ఎల్బీ నగర్ వైపు ఉండేవాళ్లలో చాలామందికి రాచకొండ అంటే ట్రాఫిక్ చలానా మీద చూసిన పేరు. అసలు రాచకొండ 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకుల రాజధాని. తుర్కయంజాల్ నుంచి సాగర్ రోడ్డులో ఇబ్రహీంపట్నం, అక్కణ్నుంచి మంచాల మీదుగా బైక్ మీద పొద్దున్నే బయల్దేరితే హాయిగా వెళ్లిపోవచ్చు. అటూ ఇటూ బండరాళ్ల గుట్టలు, మధ్యలో లోయ, దాని పొడవునా మోదుగలు. పైన రాళ్ల సందుల్లో అక్కడక్కడా పసుపుపచ్చని కొండగోగు.

మా దగ్గరున్నవి ఒక బడ్జెట్ ఫోన్, ఒక మిడ్‌రేంజ్, ఒక రెండేళ్ల కిందటి ఫ్లాగ్‌షిప్. మోడళ్ల పేర్లు కావాలనే రాయట్లేదు. ఇది ర్యాంకింగ్ కాదు, పైగా ఆటో మోడ్‌లో మూడింటికీ జబ్బు ఒకటే.

జబ్బు ఎక్కడుందో చెప్తా. సెన్సర్ మీద ఉండే బేయర్ ఫిల్టర్‌లో సగం పిక్సెళ్లు ఆకుపచ్చ రంగువి, పావు వంతు ఎరుపువి, పావు వంతు నీలానివి. అంటే ఎరుపు డీటెయిల్ మొదటి నుంచే తక్కువ దొరుకుతుంది. దానికి తోడు వెలుగు లెక్క. హెచ్‌డీ వీడియో రోజుల నుంచి వాడుతున్న రెక్ 709 ప్రమాణంలో ఒక పిక్సెల్ ఎంత వెలుగుగా ఉందో లెక్కించేటప్పుడు ఆకుపచ్చకి సుమారు 72 శాతం వెయిటేజీ, ఎరుపుకి 21, నీలానికి 7 మాత్రమే. మోదుగ రేకులో ఉన్నదంతా దాదాపు ఎరుపే. కాబట్టి ఎరుపు ఛానల్ గరిష్ఠానికి, అంటే 255కి కొట్టుకుని ఆగిపోయినా మొత్తం లెక్కలో 'వెలుగు ఇంకా తక్కువే ఉంది' అని వస్తుంది. కెమెరా ఇంకాస్త ఎక్స్‌పోజర్ పెంచుతుంది. అప్పటికే నిండిన ఎరుపులో ఈనెలు, మడతలు అన్నీ మునిగిపోతాయి. తెల్ల గీత హిస్టోగ్రామ్ మాత్రం 'అంతా బాగుంది' అంటుంది. మీ యాప్‌లో మూడు రంగుల హిస్టోగ్రామ్ ఉంటే దాన్నే నమ్మండి. ఆండ్రాయిడ్‌లో ఉచితంగా దొరికే ఓపెన్ కెమెరాలో అది ఉంది.

కొండగోగుకి ఈ తలనొప్పి తక్కువ. పసుపు అంటే ఎరుపు, ఆకుపచ్చ కలిసినది. అందులోని ఆకుపచ్చ వల్ల మీటర్‌కి వెలుగు కనిపిస్తుంది, తనే తగ్గించుకుంటుంది. మైనస్ 0.3 ఈవీ పెడితే సరిపోయింది.

మోదుగకి అది చాలలేదు. మైనస్ 0.7 దగ్గర రేకుల అంచులు విడివడ్డాయి, మైనస్ 1 దగ్గర ఈనెలు కనిపించాయి, మైనస్ 1.3 దాటాక నీడలో నాయిస్ మొదలైంది. మా ఓటు మైనస్ 1కి. ఆ సెట్టింగ్‌లో బడ్జెట్ ఫోన్ తీసిన కొమ్మ, ఆటోలో ఫ్లాగ్‌షిప్ తీసిన అదే కొమ్మ కంటే బాగుంది. ఇది స్పాన్సర్డ్ ఆర్టికల్ అయితే ఈ లైన్ ఉండేది కాదు.

ఇక హెచ్‌డీఆర్. మోదుగ అందం సగం దాని నలుపులో ఉంది. పువ్వు అడుగున గిన్నెలాంటి తొడుగు ఉంటుంది, దాదాపు నల్లగా, వెల్వెట్‌లా. ఆ నలుపు పక్కన ఉండబట్టే నారింజ అలా మండుతుంది. హెచ్‌డీఆర్ ఆ నీడను 'కాపాడేసి' బూడిద రంగు చేస్తుంది. గాలికి కొమ్మ ఊగితే ఇంకో గొడవ. నాలుగైదు ఫ్రేములు కలిపేటప్పుడు రేకుకి ఇంకో రేకు నీడలా అంటుకుంటుంది. హెచ్‌డీఆర్ ఆఫ్ చేసి, ప్రో మోడ్‌లో షట్టర్ 1/250 లేదా అంతకంటే వేగంగా పెట్టండి. పూలను గుర్తుపట్టి రంగు పెంచే ఏఐ ఫీచర్ కూడా ఆఫ్. గెలాక్సీ ఫోన్లలో దాని పేరు సీన్ ఆప్టిమైజర్, కొన్ని ఫోన్లలో ఊరికే ఏఐ అని ఉంటుంది. రేకుల వెనక వెండి రంగు నూగు ఉంటుంది చూడండి, దాన్ని ముందు చెరిపేసేది ఈ ప్రాసెసింగే.

పోర్ట్రెయిట్ మోడ్ జోలికి వెళ్లకండి. ఆకుల్లేని సన్న కొమ్మల్ని అది సగానికి నరికేస్తుంది.

లోయలో ఒక లాభం ఉంది. సూర్యుడు వచ్చేసినా తూర్పు గుట్ట అడ్డంగా ఉండటం వల్ల కింద కాసేపు నీడే ఉంటుంది. ఆ మెత్తటి వెలుగులో ఎరుపు అంత తొందరగా నిండదు. అప్పుడు ఆకాశాన్ని వదిలేసి, వెనక గ్రానైట్ బండ వచ్చేలా నిలబడి 2ఎక్స్ లేదా 3ఎక్స్‌లో తీయండి. వైట్ బ్యాలెన్స్ మాత్రం లాక్ చేయాలి. ఫ్రేమ్ నిండా నారింజ ఉంటే, ఆ రంగు వెలుగుదే అనుకుని ఆటో దాన్ని చల్లార్చేస్తుంది. ఎండలో 5500 కెల్విన్, నీడలో 6500 మాకు బాగా కుదిరాయి.

ఇంత అవసరమా, ఎడిట్‌లో చూసుకోవచ్చుగా అంటారా? 255 దగ్గర ఆగిన ఎరుపు జేపెగ్‌లో మళ్లీ రాదు. డీఎన్‌జీలో కొంత వస్తుంది, అది కూడా తీసేటప్పుడు తగ్గించి తీస్తేనే.

నాకైతే అవసరమే. తుర్కయంజాల్‌లో మా ఇంటి వెనక నాలుగేళ్ల కింద ఐదు మోదుగలు ఉండేవి. వెంచర్ వచ్చింది, హద్దురాళ్లు పడ్డాయి, ఇప్పుడు ఒకటే ఉంది. పోయిన నాలుగు చెట్లవి మా ఫ్యామిలీ గ్రూప్‌లో మూడు ఫొటోలు దొరికాయి. ఎవరో ఫార్వర్డ్ చేసినవి, తేదీ లేదు, లొకేషన్ లేదు, రంగు గులాబీకి దగ్గరగా ఉంది. అమ్మ చిన్నప్పుడు హోలీకి మోదుగ పూలు ఉడకబెట్టి రంగు తీసేవారట. ఆ ఫొటోలు చూసి, "ఇది మోదుగ రంగు కాదురా" అంది. రాచకొండలో మైనస్ 1లో తీసినవి చూపిస్తే ఫోన్ లాక్కుని జూమ్ చేసుకుంటూ కూర్చుంది. మేం చేసిన టెస్టుల్లో నేను లెక్కలోకి తీసుకున్నది ఇదే.

అందుకే పంపేటప్పుడు కూడా జాగ్రత్త. వాట్సాప్‌లో మామూలుగా ఫొటోలా పంపితే సైజుతో పాటు తేదీ, లొకేషన్ ఉండే ఎగ్జిఫ్ సమాచారం పోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఫైల్ ఉన్నదున్నట్టు వెళ్తుంది. ఏ చెట్టు ఏ వారం పూసిందో దేశమంతా జనం నమోదు చేసే సీజన్‌వాచ్ అనే ప్రాజెక్టు ఉంది. మీ వీధిలో మిగిలిన చెట్టుని అందులో చేర్చొచ్చు.

ఒకవేళ మీరు వెళ్లేసరికి కొమ్మ మీద పువ్వు పల్చబడితే, కింద రాలినవి చూడండి. కొమ్మ విరిచే పని లేదు. ఒక తాజా పువ్వుని నీడలో రాయి మీద పెట్టి, రెండు మెగాపిక్సెల్ మ్యాక్రో కెమెరా ఉందన్న సంగతే మర్చిపోయి, కాస్త వెనక్కి జరిగి 2ఎక్స్‌లో తీయండి. చిలుక ముక్కులాంటి వంపు, దాని మీది నూగు అందులోనే సరిగ్గా పడతాయి.