ప్లాస్టిక్ పీపాలలో పీడన కిణ్వనం

పీడన కిణ్వనం అనగా బీరు వంటి పానీయాన్ని మూత బిగించిన పాత్రలో, కిణ్వనం వలన పుట్టే కార్బన్ డై ఆక్సైడ్ వాయువును కొంతమేరకు లోపలే నిలిపి ఉంచి పులియబెట్టే పద్ధతి. బ్రూవరీలలో ఇది ఉక్కు ట్యాంకులలో జరుగుతుంది. స్వంత వాడకానికి ఇంట్లో బీరు చేసుకొనడాన్ని చట్టం అనుమతించే అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి దేశాలలో 2010ల చివరి నుండి ఈ పనికి తేలికైన ప్లాస్టిక్ పీపాలు (కెగ్‌లు) విరివిగా వాడుకలోకి వచ్చాయి. శీతల పానీయాల సీసాలు తయారయ్యే పాలిఇథిలిన్ టెరెఫ్తలేట్ (పెట్) అనే ప్లాస్టిక్‌తోనే, మరింత మందంగా వీటిని తయారుచేస్తారు. వీటి ధర తక్కువ, బరువు తక్కువ, లోపల జరిగేది కంటికి కనిపిస్తుంది. అయితే ఉక్కు పాత్ర ఓర్చుకొనే పొరపాట్లను ఇవి ఓర్చుకోవు.

నేపథ్యం

పులిసే బీరుకు బిరడా బిగించి వాయువును నిలపడం జర్మనీలో పాత ఆచారం. కిణ్వనం ముగియవచ్చే సమయంలో పీపాను మూసివేస్తే, మిగిలిన చక్కెర నుండి పుట్టే వాయువు బీరులోనే కరిగి నురగనిస్తుంది. బిరడాకు జర్మన్ భాషలో ష్పుండ్ అని పేరు. ఈ పనికి నేడు వాడే కవాటాన్ని స్పండింగ్ వాల్వు అనడం దాని నుండి వచ్చినదే.

బ్రిటన్‌లో 1880 నాటి చట్టం ప్రకారం ఇంట్లో బీరు కాచుకొనడానికి లైసెన్సు అవసరమయ్యేది. 1963లో ఆ నిబంధనను తొలగించారు. అమెరికాలో 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం స్వంత వాడకానికి చేసుకొనే బీరును పన్ను నుండి మినహాయించింది. అయితే అక్కడ రాష్ట్రాల చట్టాలు వేరు. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు 2013లో గాని అనుమతించలేదు.

తొలి రోజులలో ఇంటి బీరు ప్లాస్టిక్ బక్కెట్లలోను, పెద్ద గాజు బుడ్లలోను పులిసేది. వీటిలో ఏదీ పీడనానికి ఆగదు. 1980ల తరువాత శీతల పానీయాల సంస్థలు తమ పానకాన్ని ఉక్కు పీపాలకు బదులు అట్టపెట్టెలలోని సంచులలో పంపడం మొదలుపెట్టాయి. దానితో కార్నీలియస్ అనబడే 19 లీటర్ల ఉక్కు పీపాలు పాత సామానుగా చవకగా దొరికి, ఇంటి బీరు చేసేవారి చేతికి వచ్చాయి. ఇవి 9 బార్ల వరకు పీడనానికి తట్టుకోగలవు. కాని ఖాళీ పీపాయే సుమారు 4 కిలోల బరువుంటుంది. లోపల ఏమి జరుగుతున్నదో కనిపించదు. పాత సరుకు తరిగిపోయేకొద్దీ ధర కూడా పెరిగింది.

ఇక పెట్ ప్లాస్టిక్ విషయానికి వస్తే, దీనిని 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే రసాయన శాస్త్రవేత్తలు దారాల కోసం కనుగొన్నారు. వాయువు నింపిన పానీయానికి ఆగగల సీసాగా దీనిని మలచినవాడు అమెరికాలోని డ్యూపాంట్ సంస్థకు చెందిన నథానియెల్ వైయెత్. ఆయనకు 1973లో పేటెంటు లభించింది. వేడిచేసిన ప్లాస్టిక్ గొట్టాన్ని అచ్చులో నిలువుగాను, అడ్డంగాను సాగదీస్తూ ఊదడమే ఇందులోని కీలకం. అలా సాగినప్పుడు అణువుల గొలుసులు రెండు దిశలలోను బారులు తీరి, పలుచని గోడకు గట్టిదనం వస్తుంది. ఇంటి బీరు పీపా కూడా ఇదే సూత్రం మీద తయారవుతుంది. ఆస్ట్రేలియాలో మెల్బోర్న్‌కు చెందిన కెగ్‌ల్యాండ్ సంస్థ ఫెర్మ్‌జిల్లా పేరుతో అమ్మే పాత్రలు వీటిలో ప్రసిద్ధమైనవి.

పీడనం వలన కలిగే మార్పు

మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని వేడినీటిలో నానబెట్టి తీసిన తీపి ద్రవాన్ని హాప్స్ పువ్వులతో కాచి, చల్లార్చి, ఈస్ట్ కలుపుతారు. ఈస్ట్ చక్కెరను ఆల్కహాలుగాను, కార్బన్ డై ఆక్సైడ్‌గాను మారుస్తుంది. దీనితోపాటు ఎస్టర్లు అనబడే పండ్ల వాసన గల పదార్థాలు, ఘాటైన కొన్ని ఇతర ఆల్కహాళ్ళు కూడా స్వల్పంగా పుడతాయి. ఈస్ట్ ఎంత వెచ్చగా, ఎంత వేగంగా పెరిగితే ఇవి అంత ఎక్కువ. లాగర్ రకపు బీరుకు ఈ వాసనలు పనికిరావు గనుక దానిని 8 నుండి 13 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలో వారాల తరబడి పులియబెడతారు. అంత చల్లగా ఉంచడానికి ఇంట్లో ప్రత్యేకంగా ఒక ఫ్రిజ్ కావాలి.

పీడనం ఇక్కడ అక్కరకు వస్తుంది. పాత్రలో పీడనం పెరిగితే ద్రవంలో కరిగిన కార్బన్ డై ఆక్సైడ్ పెరుగుతుంది. అది ఈస్ట్ పెరుగుదలను అణచుతుంది, దానితో ఎస్టర్లు కూడా తగ్గుతాయి. అందువలన 0.7 నుండి 1 బారు పీడనం కింద లాగర్‌ను 18 – 20 డిగ్రీల వద్ద కూడా దాదాపు శుభ్రమైన రుచితో, వారం పది రోజులలో పులియబెట్టవచ్చు. (ఈ వ్యాసంలోని పీడనపు అంకెలు, వేరుగా చెప్పిన చోట తప్ప, బయటి వాతావరణ పీడనానికి అదనంగా ఉండేవి.) బ్రూవరీలలోని ఎత్తైన ట్యాంకులలో ఈ ప్రభావం ఎవరూ కోరకుండానే కలుగుతుంది. 10 మీటర్ల లోతున ఉన్న ఈస్ట్ మీద పైనున్న ద్రవం బరువే ఇంచుమించు 1 బారు ఉంటుంది.

పులియడం, నురగ నింపడం, వడ్డించడం అన్నీ ఒకే పాత్రలో జరగడం మరొక ప్రయోజనం. పులిసిన బీరుకు గాలి సోకితే కొద్ది రోజులలోనే తడిసిన అట్టముక్క వాసన వస్తుంది. మూత తీయనవసరం లేని పాత్రలో ఆ బెడద చాలావరకు తగ్గుతుంది.

పాత్ర నిర్మాణం

పాత్ర పైభాగాన వెడల్పాటి మూత, దానికి రబ్బరు రింగు ఉంటాయి. మూతకు రెండు కొళాయి మొనలుంటాయి. ఒకటి వాయువుకు, మరొకటి ద్రవానికి. ద్రవపు మొనకు లోపలి వైపున మెత్తని సిలికాన్ గొట్టం వేలాడుతుంది. గొట్టం కొసకు కట్టిన చిన్న తేలుడు బంతి దానిని ఎప్పుడూ పైభాగానే ఉంచుతుంది కనుక, అడుగున పేరుకొన్న మడ్డి కదలకుండా పైనున్న తేట బీరే బయటకు వస్తుంది. ఇంత చిన్న ఉపాయంతో వేరొక పాత్రలోకి వంపుకొనే పని తప్పింది.

వాయువు విషయంలో రెండు కవాటాలు ఉంటాయి. ఈ రెండింటి తేడాను ప్రెషర్ కుక్కరుతో పోల్చి సులభంగా గ్రహించవచ్చు. స్పండింగ్ వాల్వు కుక్కరు మీది వెయిట్ వంటిది. కోరిన పీడనానికి దానిని తిప్పి ఉంచితే, అంతకు మించిన వాయువును ఎప్పటికప్పుడు వదిలివేస్తుంది. మూతకు అమర్చిన రెండవది కుక్కరు మూత మీది సేఫ్టీ వాల్వు వంటిది. మొదటిది పనిచేయనప్పుడు మాత్రమే తెరుచుకొంటుంది. మొదటిది ఉన్నది కదా అని రెండవదానిని మూసివేయడం, లేదా రెండవది ఉన్నది కదా అని మొదటిదాన్ని మానుకోవడం, రెండూ తప్పే.

ప్రమాదాలు, జాగ్రత్తలు

వాయువు ఎంత పుడుతుందో లెక్క వేస్తే విషయం స్పష్టమవుతుంది. 5 శాతం ఆల్కహాలు గల 20 లీటర్ల బీరులో 1 లీటరు, అనగా సుమారు 790 గ్రాముల శుద్ధ ఆల్కహాలు ఉంటుంది. 180 గ్రాముల గ్లూకోజు నుండి 92 గ్రాముల ఆల్కహాలు, 88 గ్రాముల కార్బన్ డై ఆక్సైడ్ వస్తాయి. ఆ నిష్పత్తి ప్రకారం ఈ బీరు పులిసేటప్పుడు సుమారు 750 గ్రాముల వాయువు పుట్టాలి. 20 డిగ్రీల వద్ద దాని ఘనపరిమాణం 400 లీటర్లకు పైమాటే. 27 లీటర్ల పాత్రలో బీరు పోగా మిగిలే ఖాళీ 7 లీటర్లు మాత్రమే. కొంత వాయువు బీరులో కరిగిపోయినా, ఎటూ పోయే దారి లేకుంటే లోపలి పీడనం 15 బార్ల దరిదాపులకు చేరుతుంది. ఫెర్మ్‌జిల్లా పాత్రకు తయారీదారు విధించిన గరిష్ఠ పీడనం 2.4 బార్లు (35 పి.ఎస్.ఐ.). అంటే కవాటం మూసుకుపోతే, చక్కెర ఇంకా సగానికి పైగా మిగిలి ఉండగానే పాత్ర తన హద్దును దాటిపోతుంది.

కవాటం మూసుకుపోవడం అరుదేమీ కాదు. కిణ్వనం ఉద్ధృతంగా ఉన్న మొదటి రెండు మూడు రోజులలో నురగ పైకి లేచి, హాప్స్ పిప్పితో సహా కవాటంలోకి చొరబడి ఎండిపోతుంది. పాత్రను అంచుల వరకు నింపకుండా నాలుగవ వంతు ఖాళీ ఉంచడం, పీడనమాపకాన్ని రోజూ చూడడం, ప్రతి బీరు తరువాత కవాటాన్ని విప్పి కడగడం దీనికి విరుగుడు. పీడనాన్ని ఒక్కసారిగా వదలరాదు. గోలీ సోడా గోలీ నొక్కగానే పొంగినట్లు బీరంతా నురగగా లేచి, ఏ కవాటం కాపాడాలో దానినే మూసివేస్తుంది. ఇదే కారణం చేత వాయువు నిండిన బీరులో హాప్స్ గుళికలు హఠాత్తుగా వేయరాదు. గరుకైన ప్రతి గుళిక చుట్టూ వేల బుడగలు ఒకేసారి పుడతాయి.

ఉష్ణోగ్రత విషయం చాలామంది గమనించనిది. చల్లని ద్రవంలో వాయువు ఎక్కువగా కరుగుతుంది, వేడెక్కితే బయటకు వస్తుంది. మామూలు నురగ గల బీరు 4 డిగ్రీల వద్ద సుమారు 0.8 బారు పీడనం చూపితే, అదే బీరు 20 డిగ్రీల వద్ద సుమారు 1.9 బార్లు చూపుతుంది. 35 డిగ్రీలకు చేరితే నిండు పాత్రలో అది 3 బార్ల దరిదాపుకు పోయి, 2.4 బార్ల హద్దును దాటుతుంది. ఫ్రిజ్‌లో నిశ్చింతగా ఉన్న పీపాను ఎండలో నిలిపిన కారులో పెట్టి తీసుకువెళ్ళడం అందుకే ప్రమాదకరం.

కొన్ని శంకువు ఆకారపు పాత్రలకు అడుగున మడ్డిని పట్టే చిన్న సీసా, దానికి పైన మూసే తలుపు ఉంటాయి. తలుపు మూసినా ఆ సీసాలో చిక్కిన ఈస్ట్ పులిపిస్తూనే ఉంటుంది. కాబట్టి దానిలోని పీడనాన్ని విడిగా వదలిన తరువాతనే మరను విప్పాలి. లేనిచో సీసా తుపాకీ గుండులా ఊడివస్తుంది. ఇక బయటి కార్బన్ డై ఆక్సైడ్ సిలిండరును రెగ్యులేటరు లేకుండా పాత్రకు తగిలించరాదు. గది వేడిమిలో సిలిండరు లోపలి పీడనం 57 బార్ల వరకు ఉంటుంది.

పాత్ర దృఢత్వాన్ని రెండేళ్ళకు ఒకసారి పరీక్షించాలని ఫెర్మ్‌జిల్లా తయారీదారు సూచన. పరీక్షకు పాత్రను అంచు వరకు నీటితో నింపి, ఆ పైన పీడనం ఇస్తారు. నీరు కుంచించుకుపోదు గనుక పాత్ర పగిలినా నీరు కారిపోవడంతో సరిపోతుంది. అదే పీడనం గల వాయువుతో నిండిన పాత్ర పగిలితే, కుదించిన వాయువంతా ఒక్కసారిగా వ్యాకోచించి ముక్కలను విసురుతుంది. ఖాళీ పాత్రలో గాలి కొట్టి పరీక్షించడం అందువలన అసలు పనికిరాదు. గీతలు, తెల్లని చారలు, సొట్టలు కనిపించిన పాత్రను, ఏదైనా ఎత్తు నుండి కిందపడిన పాత్రను పీడనానికి వాడకూడదు.

కడిగే విధానం

పెట్ ప్లాస్టిక్ 70 డిగ్రీల పైన మెత్తబడుతుంది. మరిగే నీరు పోస్తే పాత్ర ముడుచుకుపోయి మరల ఎందుకూ పనికిరాదు. కాస్టిక్ సోడా వంటి ఘాటైన క్షారాలు ఈ ప్లాస్టిక్‌లోని అణువుల గొలుసులను తెంచి, సాగి ఉన్న గోడలో కంటికి కనిపించని పగుళ్ళు పుట్టిస్తాయి. బ్రూవరీలలో ఉక్కు ట్యాంకులకు మామూలుగా వాడే మందు ఇక్కడ విషం వంటిదన్న మాట. గోరువెచ్చని నీరు, సోడియం పెర్‌కార్బొనేట్ వంటి తేలిక మందు, మెత్తని గుడ్డ సరిపోతాయి. పీచు, బ్రష్షు తగిలితే గీతలు పడి, ఆ గీతలలో సూక్ష్మజీవులు తలదాచుకొంటాయి.

పరిమితులు

పెట్ గోడ గుండా ఆక్సిజన్ అతి నెమ్మదిగానైనా లోపలికి ప్రవేశిస్తుంది. బక్కెట్ల ప్లాస్టిక్ కంటే ఇది ఎంతో మేలైనదే గాని, ఉక్కుకు, గాజుకు సాటిరాదు. నెలల తరబడి నిలవ ఉంచే బీరుకు ఇది తగదు. పారదర్శకమైన గోడ గుండా వెలుగు కూడా సోకుతుంది. హాప్స్ చేదు పదార్థాలు వెలుగుకు విచ్ఛిన్నమై దుర్వాసన ఇస్తాయి కనుక పాత్రకు నల్లని తొడుగు కావాలి.

అన్ని బీర్లకూ పీడనం మేలు చేయదు. అరటిపండు, లవంగం వాసనలకు పేరుపొందిన జర్మన్ గోధుమ బీరు, బెల్జియం బీర్లు ఈస్ట్ ఇచ్చే వాసనల మీదనే ఆధారపడతాయి. వాటిని పీడనం కింద పులియబెడితే ఆ వాసనలు అణగిపోయి చప్పగా తయారవుతాయి. పీడనంలో నలిగిన ఈస్ట్‌ను తరువాతి బీరుకు దాచుకొనడం కూడా అంత మంచిది కాదు.

తెలుగు రాష్ట్రాలలో

భారత రాజ్యాంగం ప్రకారం మత్తు పానీయాలు రాష్ట్రాల జాబితాలోని అంశం. 1968 నాటి ఎక్సైజు చట్టం ఆంధ్రప్రదేశ్‌లోను, 2014 తరువాత తెలంగాణలోను అమలులో ఉన్నది. దీని ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. కల్లు గీతకు సైతం లైసెన్సు అవసరం. కావున ఇక్కడ ఇంట్లో బీరు చేసుకొనడం, ఎంత కొద్ది పరిమాణంలోనైనా, చట్టవిరుద్ధం. ఈ పద్ధతి గురించిన వివరాలు అనుమతి ఉన్న దేశాలలో నివసించే తెలుగువారికి మాత్రమే ఆచరణలో ఉపయోగపడతాయి. అయితే ఈ పీపాను బీరు లేకుండానే సోడా నీటికి కూడా వాడుతారు. చల్లని నీటితో నింపి, రెగ్యులేటరు ద్వారా 2 బార్లకు మించకుండా వాయువు ఇచ్చి కుదిపితే కొద్ది నిమిషాలలో సోడా తయారవుతుంది. మద్యం లేదు గనుక ఎక్సైజు చట్టం దీనికి అడ్డురాదు. కవాటాల విషయంలోను, ఎండ విషయంలోను పైన చెప్పిన జాగ్రత్తలన్నీ సోడాకు కూడా వర్తిస్తాయి.