మీకు తెలుసా? బంకును మూయించిన ట్యాంకు!

అమెరికాలో చిన్న ఊళ్ల పెట్రోల్ బంకులు మూతపడ్డాయంటే పెద్ద కంపెనీల పోటీయే కారణమనుకుంటాం. అబద్ధం కాదు. కొత్త హైవేలు ఊళ్లను తప్పించుకుని పోయాయి, వాల్‌మార్ట్, కాస్ట్‌కో లాంటివి చౌకగా పెట్రోలు పోశాయి. కానీ ఊరివాళ్లు సొంతంగా నడుపుకునే బంకుల్లో చాలావాటికి అసలు దెబ్బ నేల కింద నుంచి తగిలింది.

బంకుల కింద పాతిన పాత పెట్రోలు ట్యాంకులు ఎక్కువగా రక్షణ పూత లేని ఉక్కువి. ఏళ్ల తరబడి మట్టిలో తుప్పుపట్టి, చుక్కచుక్కగా కారి భూగర్భజలాన్ని పాడుచేశాయి. 1984లో అక్కడి పార్లమెంటు, అంటే కాంగ్రెస్, ఈ ట్యాంకుల మీద చట్టం చేసింది. 1988లో పర్యావరణ సంస్థ ఈపీఏ నిబంధనలు తెచ్చి పదేళ్ల గడువిచ్చింది. 1998 డిసెంబర్ 22 లోగా ట్యాంకు తుప్పుపట్టకుండా, పొంగిపొర్లకుండా ఏర్పాట్లు చేయాలి, లేదా కొత్తది వేయాలి, లేదా మూసేయాలి. రేపు కారితే శుభ్రం చేసే ఖర్చుకు బీమాయో, మరో పూచీయో చూపించాలి. బంకులకు ఆ పూచీ 10 లక్షల డాలర్లు!

నిబంధన న్యాయమైనదే, తాగే నీళ్ల సంగతి కదా. బిల్లు మాత్రం తక్కువ అమ్ముకునేవాడికే భారమైంది. గ్యాలన్ మీద మిగిలేది కొద్ది సెంట్లు. రెండు పంపులు, పక్కన కార్ల రిపేరు షెడ్డు ఉన్న ముసలాయన ఆవరణంతా తవ్వించి కొత్త ట్యాంకు వేయిస్తే ఆ డబ్బు ఎప్పటికి తిరిగొస్తుంది? చాలామంది లెక్క చూసుకుని తాళం వేశారు. ఈ చట్టం కింద ఇప్పటిదాకా మూసిన ట్యాంకులు 15 లక్షలు దాటాయి (అన్నీ బంకులవే కావనుకోండి).

మూసినా పీడ వదల్లేదు. పెట్రోలు ఇంకిన ఆ స్థలాన్ని కొనడానికి ఎవరూ తొందరపడరు. కాలుష్యం భయంతో ఖాళీగా పడి ఉన్న స్థలాలు దేశంలో 4.5 లక్షలని ఈపీఏ అంచనా. వాటిలో దాదాపు సగం పెట్రోలు తగిలినవే, ఎక్కువగా పాత బంకులవే. అదృష్టం బాగున్నవి కొన్ని మ్యూజియం వేషం కట్టాయి. ఇల్లినాయ్‌లోని డ్వైట్‌లో, రూట్ 66 అనే పాత హైవే మీద 1933లో కట్టిన యాంబ్లర్స్ బంకు 1999 దాకా పెట్రోలు పోసింది. ఇప్పుడది పర్యాటకుల సమాచార కేంద్రం.

ఇంకో విచిత్రం. బోర్డు మీద పెద్ద పేరు చూసి బంకు ఆ కంపెనీదే అనుకోకండి. ఎక్సాన్‌మొబిల్ అమెరికాలో తన సొంత బంకులను అమ్మేస్తానని 2008లోనే ప్రకటించింది. అక్కడ పెట్రోలు అమ్మే దుకాణాల్లో సగానికి పైగా ఇప్పటికీ ఒకే షాపున్న యజమానులవే. వాళ్లలో మన దేశం నుంచి వెళ్లినవాళ్లూ బాగానే ఉన్నారు. ఎక్కువ లాభం మాత్రం పంపు దగ్గర కాదు, లోపల అమ్మే కాఫీ, కూల్‌డ్రింకుల్లో.